‘ఏడుపు ఆపు’ అంటే ఎందుకు ఆగదు

“మేడం, మావాడు బాగా మొండి, ఇంట్లో ఎవరి మాటా వినడు, మీరే ఎలాగైనా దారిలో పెట్టాలి.” విజయవాడ పటమటలో నేను పాఠాలు చెప్పే స్కూల్లో అడ్మిషన్లప్పుడు ఎక్కువగా వినపడే మాట ఇది. ఆ మొండివాడి వయసు మూడేళ్ళు, ఒక్కోసారి మూడు కూడా నిండి ఉండవు. ఆ మాట అనే తల్లిదండ్రులు చెడ్డవాళ్ళేం కాదు, పిల్లాడంటే వాళ్ళకి ప్రాణం. పొద్దున ఆటోనగర్‌కి వెళ్ళి రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరే నాన్న, ఇంటి పనీ షాపు పనీ రెండూ చూసుకునే అమ్మ, ఇద్దరికీ ఓపిక అయిపోయి ఉంటుంది. గేటు దగ్గర రెండు నిమిషాల్లో వాళ్ళకి నేను చెప్పగలిగేది చాలా తక్కువ, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. కోపాన్నీ ఏడుపునీ ఆపుకోవడం అనేది మెదడులో ఒక భాగం చేసే పని. ఆ భాగం మూడేళ్ళకి తయారు కాదు, ఆరేళ్ళకీ కాదు, నిజానికి ఇంటర్ చదివే పిల్లలకి కూడా పూర్తిగా తయారై ఉండదు. అది తయారయ్యేదాకా ఆ పనిని పక్కనున్న పెద్దవాళ్ళే చేసిపెట్టాలి, అలా చేసిపెడుతూ ఉంటేనే అది తయారవుతుంది కూడా. మనం మాత్రం లేనిదాన్ని పట్టుకుని ‘ఎందుకు వాడటం లేదు’ అని పిల్లల్ని తిడుతున్నాం.

పుట్టినప్పుడు బిడ్డ మెదడు పెద్దవాళ్ళ మెదడులో పావు వంతు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి దాదాపు రెట్టింపు అవుతుంది, ఐదారేళ్ళకి సైజులో తొంభై శాతం వచ్చేస్తుంది. సైజు చూసి పని అయిపోయింది అనుకుంటాం కానీ అసలు పని లోపల కణానికీ కణానికీ మధ్య కలిసే కనెక్షన్లలో ఉంది. మొదటి కొన్నేళ్ళలో సెకనుకి పది లక్షలకు పైగా కొత్త కనెక్షన్లు పుడతాయని చెబుతారు. అవన్నీ ఉండిపోవు. పీటర్ హటెన్‌లాకర్ అనే పిల్లల న్యూరాలజిస్టు చనిపోయినవాళ్ళ మెదడు కణజాలాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి ఈ కనెక్షన్లని లెక్కపెట్టాడు. ఏడాది రెండేళ్ళ పిల్లలకి నుదుటి వెనక భాగంలో పెద్దవాళ్ళకంటే చాలా ఎక్కువ కనెక్షన్లు ఉన్నాయని 1979లో రాశాడు. ఆ తర్వాత వాడినవి బలపడతాయి, వాడనివి పోతాయి. చేను గట్టు మీద రోజూ నడిచే చోట బాట పడుతుంది, ఎవరూ నడవని చోట గడ్డి మొలుస్తుంది, ఇదీ అంతే. అంటే కోపం వచ్చినప్పుడు ఎవరో ఒకరు దగ్గరకి తీసుకుంటే శాంతించిన పిల్లాడికి ఆ శాంతించే దారి కొంచెం కొంచెంగా పడుతుంది. కోపం వచ్చిన ప్రతిసారీ ఇంకా పెద్ద కోపం ఎదురైతే పడేది వేరే దారి.

ఇంకో సంగతి, మెదడు అంతా ఒకేసారి తయారవదు. చూపు, వినికిడికి సంబంధించిన భాగాలు ముందు, భాష తర్వాత, అన్నిటికంటే చివర నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఆగి ఆలోచించడం, వంతు వచ్చేదాకా కూర్చోవడం, ఇష్టం లేకపోయినా చేయాల్సింది చేయడం, అవతలివాడు ఏమనుకుంటాడో లెక్కలోకి తీసుకోవడం, వీటన్నిటికీ అదే ఆధారం. మెదడు లోపల అమిగ్డలా అని బాదంగింజంత భాగం ఒకటి ఉంది, భయం లాంటివి ముందుగా పసిగట్టేది అదే. అది మాత్రం చాలా తొందరగా పనిలోకి దిగుతుంది. ఈ రెండిటి మధ్య తీగలు బలపడి, వాటి చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర పట్టి, కబురు అటూ ఇటూ వేగంగా వెళ్ళడానికి ఏళ్ళు పడుతుంది, ఇరవై ఐదు దాకా కూడా సాగుతుంది ఆ పని.

దీన్ని నర్సరీ క్లాసులో చూడాలంటే స్నాక్స్ టైముకి రావాలి. బిస్కెట్ మధ్యకి విరిగిపోయింది. అంతే, పిల్లాడు నేల మీద పడి దొర్లుతాడు. రెండు ముక్కలూ కలిపితే అదే బిస్కెట్ కదరా అని మనం చెబుతాం. ఆ క్షణంలో ఆ లాజిక్ వాడి చెవికి వినపడుతుంది కానీ దాన్ని పట్టుకుని తనని తాను సముదాయించుకునే సామర్థ్యం వాడికి లేదు. ‘ఏడుపు ఆపు’ అని గట్టిగా అంటే పెద్ద గొంతు విని వాడి భయం ఇంకా పెరుగుతుంది. కొందరు పిల్లలు ఆ గొంతుకి టక్కున ఆగిపోతారు, చూశారా ఆగాడు అని మనం సంతోషపడతాం. కానీ అది భయపడి బిగుసుకుపోవడం, ఊరుకోవడం వేరు. ఈ రెండిటికీ తేడా ముఖం చూస్తే తెలుస్తుంది, భుజాలు చూస్తే తెలుస్తుంది.

పనిచేసేది ఏంటంటే వాడి ఎత్తుకి దిగి కూర్చోవడం, గొంతు తగ్గించడం, మాటలు తగ్గించడం, రానిస్తే దగ్గరకి తీసుకోవడం, రానివ్వకపోతే పక్కనే ఉండటం. ఇందులో కొత్త ఏం లేదు, మా అమ్మమ్మ తరం వాళ్ళు చంకనేసుకుని వాకిట్లోకి తీసుకెళ్ళి చేసింది ఇదే. ఒళ్ళో ఉన్న బిడ్డ గుండె వేగం నెమ్మదిస్తుంది, కార్టిసాల్ అనే టెన్షన్ హార్మోను తగ్గుతుంది, అంటే బిడ్డ మెదడు ఇంకా చేయలేని పనిని తల్లి ఒళ్ళు చేసిపెడుతోంది. ఇది గారాబం కాదు. అడిగిన చాక్లెట్ ఇవ్వక్కర్లేదు, ఫోనూ ఇవ్వక్కర్లేదు. వద్దు అన్నది వద్దే, కానీ వద్దన్నందుకు వచ్చే ఏడుపుని వాడు ఒంటరిగా మోయక్కర్లేదు. ఈ ఒక్క తేడా మా పేరెంట్స్ మీటింగుల్లో చెప్పడానికి నాకు ఎప్పుడూ ఎక్కువ టైము పడుతుంది, ఎందుకంటే మన దగ్గర ఈ రెండూ కలిపేసి చూస్తారు, దగ్గరకి తీసుకున్నావంటే లొంగిపోయావనే.

బిడ్డకి మన ముఖం ఎంత అవసరమో తెలియాలంటే ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే ఆయన 1970ల్లో చేసిన ప్రయోగం గురించి తెలుసుకోవాలి. తల్లి కొన్ని నెలల బిడ్డతో మామూలుగా నవ్వుతూ మాట్లాడుతుంది. తర్వాత ఆమెని ఒకటి రెండు నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డని ఊరికే చూస్తూ ఉండమంటారు. బిడ్డ ముందు నవ్వుతాడు, చేతులు చాపుతాడు, శబ్దాలు చేస్తాడు, ఇంతకుముందు పనిచేసినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తాడు. ఏదీ పనిచేయకపోతే ముఖం తిప్పేసుకుంటాడు, చివరికి ఏడుస్తాడు. తల్లి ఎక్కడికీ పోలేదు, ఎదురుగానే ఉంది, కొట్టలేదు, తిట్టలేదు. స్పందించలేదు, అంతే. సాయంత్రం రాజీవ్ గాంధీ పార్కులోనో, ఆటోలోనో, కల్యాణమండపంలోనో ఫోను చూస్తున్న పెద్దవాళ్ళ ముఖాలూ, వాళ్ళని పిలిచి పిలిచి ఊరుకున్న పిల్లల ముఖాలూ చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. అలాగని కాసేపు ఫోను చూస్తే బిడ్డ పాడైపోతుందని ఏ తల్లీ బెంగ పెట్టుకోవద్దు. ట్రోనిక్ చెప్పిన రెండో సగం కూడా ముఖ్యమే. ఎంత బాగా కలిసిమెలిసి ఉండే తల్లీబిడ్డల మధ్య కూడా చాలాసేపు తాళం తప్పుతూనే ఉంటుంది, తప్పాక మళ్ళీ కుదుర్చుకోవడంలోనే బిడ్డ నేర్చుకునేది ఉంది. పోయినా మళ్ళీ వస్తుంది అనే నమ్మకం అక్కడే పుడుతుంది.

ఏడాది వచ్చేసరికి పిల్లలు ఇంకో పని మొదలుపెడతారు. ఏదైనా కొత్తది కనిపిస్తే దాన్ని చూసి, వెంటనే మన ముఖం చూస్తారు. ఇది భయపడాల్సిందా కాదా అని మన ముఖంలో చదువుకుంటారు. 1985లో అచ్చయిన ఒక ప్రయోగంలో ఏడాది పిల్లల్ని గాజు పలక వేసిన బల్ల మీద పెట్టారు, ఒక చోట గాజు కింద కొంచెం లోతు కనిపిస్తుంది, పడిపోతామేమో అని అనుమానం వచ్చేంత. అవతలి చివర తల్లి. తల్లి నవ్వుతూ ఉన్నప్పుడు 19 మందిలో 14 మంది ఆ గాజు దాటి వచ్చేశారు. తల్లి భయపడిన ముఖం పెట్టినప్పుడు 17 మందిలో ఒక్కరు కూడా దాటలేదు. ఇంకా మాటలు రాని వయసులోనే ఇంత.

ఇది చదివినప్పుడల్లా నాకు 2024 సెప్టెంబరు గుర్తొస్తుంది. బుడమేరు వాగుకి గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం అంతా మునిగి, కింది పోర్షన్లలో వాళ్ళు మేడల మీదకెక్కి, పడవల మీద, డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించిన రోజులు. ఆ తర్వాత సింగ్‌నగర్ నుంచి ఒక కుటుంబం పటమటలో వాళ్ళ పెద్దమ్మగారింటి దగ్గరకి మారింది, వాళ్ళ పాప మా క్లాసులో చేరింది. మబ్బు పడితే చాలు, ఆ పాప వచ్చి నా చీర కొంగు పట్టుకునేది. వాన మొదలైతే మెట్ల వైపు చూస్తూ ఉండేది, కిందకి కాదు, మేడ మీదకి వెళ్ళే మెట్ల వైపు. వరదప్పుడు ఆ పిల్లకి మూడేళ్ళు కూడా లేవు, ఏం జరిగిందో వరసగా చెప్పలేదు. సంఘటనల్ని వరసగా గుర్తుపెట్టుకునే హిప్పోక్యాంపస్ ఆ వయసుకి ఇంకా తయారవుతూ ఉంటుంది, భయాన్ని దాచుకునే అమిగ్డలా మాత్రం ముందే పనిలో ఉంది. అందుకే కథ గుర్తుండదు, భయం ఉంటుంది. ‘నీకేం గుర్తుంటుందే, చిన్నదానివి’ అనే మాట పెద్దవాళ్ళ నోటి నుంచి చాలాసార్లు వింటాం, ఆ మాట నిజం కాదు.

వాళ్ళ అమ్మతో నేను మాట్లాడితే ఆవిడ ఒక మాట చెప్పింది, ఇప్పటికీ వాన పడితే నాకే గుండె దడ మేడం అని. అప్పుడు నాకు దారి దొరికినట్టయింది. ఆవిడ భయాన్ని దాచుకోమని నేను చెప్పలేదు, పిల్లలకి దొంగనవ్వు తెలిసిపోతుంది. వాన మొదలవగానే తనే పాపతో ‘నాకు కూడా కొంచెం భయంగా ఉంది, అందుకే కిటికీ దగ్గరకి వెళ్ళి రోడ్డు చూద్దాం, నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చూద్దాం’ అని చెప్పడం మొదలుపెట్టింది. వచ్చిన దానికి పేరు పెట్టి మాటల్లో చెప్పడం వల్ల అమిగ్డలా నెమ్మదిస్తుందని 2007లో పెద్దవాళ్ళ మీద చేసిన మెదడు స్కాన్ పరిశోధన ఒకటి చూపించింది, మాథ్యూ లీబర్‌మన్ బృందం చేసింది. పిల్లలకి ఆ పేర్లు పుట్టుకతో రావు, మనం పెట్టాలి. బెంగగా ఉందా, సిగ్గేసిందా, ఉక్రోషం వచ్చిందా, వాడు నిన్ను ఆటలోకి రానివ్వలేదని చిన్నబోయావా, ఇలా అడగాలి. ఊరికే ‘ఎందుకేడుస్తున్నావ్’ అని అడిగితే మూడేళ్ళ పిల్ల చెప్పలేదు. ఆ పాప ఇప్పుడు వాన పడితే నా దగ్గరకి వచ్చి ‘టీచర్, నాకు భయమేస్తోంది’ అంటుంది. అంటుంది, కాసేపు నా పక్కన కూర్చుంటుంది, మళ్ళీ వెళ్ళి ఆడుకుంటుంది.

నాలుగేళ్ళ దగ్గర ఇంకో పెద్ద మార్పు వస్తుంది, టీచరుగా నాకు చూడటానికి అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. రెండు బొమ్మలు, ఒక డబ్బా, ఒక సంచి, ఒక పిప్పరమెంటు పెట్టుకుని ఆట ఆడతాం. చిట్టి బొమ్మ పిప్పరమెంటు డబ్బాలో పెట్టి బయటికి వెళ్తుంది. బుజ్జి బొమ్మ దాన్ని తీసి సంచిలో దాస్తుంది. ఇప్పుడు చిట్టి వచ్చి ఎక్కడ వెతుకుతుంది? మూడేళ్ళ పిల్లలు నమ్మకంగా ‘సంచిలో’ అంటారు, ఎందుకంటే అది సంచిలో ఉందని వాళ్ళకి తెలుసు, తనకి తెలిసింది చిట్టికి తెలియదు అనే సంగతి ఇంకా అందదు. నాలుగు దాటిన పిల్లలు ఎక్కువమంది ‘డబ్బాలో వెతుకుతుంది, పాపం దానికి తెలీదుగా’ అంటారు. ఆ ‘పాపం’ వినడం కోసమే నేను ఈ ఆట ఆడిస్తానేమో. ఈ తరహా పరీక్షని 1983లో హైంజ్ విమర్, జోసెఫ్ పెర్నర్ అనే ఇద్దరు మొదట రాశారు, వాళ్ళ కథలో ఒక పిల్లాడూ వాడి చాక్లెట్టూ ఉంటాయి. తర్వాత ఎన్నో దేశాల్లో చేశారు, కొంచెం ముందూ వెనకా అయినా పిల్లలు ఆ వయసు చుట్టుపక్కలే ఈ మెట్టు ఎక్కుతారు.

ఇది తెలిస్తే రెండు సంగతులు అర్థమవుతాయి. మూడేళ్ళ పిల్లాడు పక్కవాడి బొమ్మ లాక్కుంటే అది స్వార్థం కాదు, అవతలివాడి లోపల ఇంకో మనసు ఉందని ఊహించడం ఇప్పుడే మొదలవుతోంది. మెడ పట్టుకుని ‘సారీ చెప్పు’ అనిపిస్తే చెబుతాడు, ఆ మాటకి వాడి లోపల ఏమీ ఉండదు. దాని బదులు ‘వాడి ముఖం చూడు, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, ఏం చేస్తే ఊరుకుంటాడు?’ అని అడిగితే ఒక్కోసారి వాడే వెళ్ళి తన బిస్కెట్ ఇచ్చి వస్తాడు. రెండోది అబద్ధాలు. నాలుగైదేళ్ళ పిల్లాడు మొదటిసారి చక్కగా అబద్ధం ఆడితే ఇంట్లో పెద్ద కంగారు. కానీ అవతలివాళ్ళ బుర్రలో తను అనుకున్నది పెట్టవచ్చు అని తెలిస్తేనే అబద్ధం ఆడగలరు, ఇదీ అదే ఎదుగుదలలో భాగం. నిజం చెప్పడం నేర్పాలి, తప్పకుండా నేర్పాలి, దొంగ అని ముద్ర మాత్రం వేయొద్దు.

వాట్సాప్‌లో తిరిగే మార్ష్‌మెలో కథ మీలో చాలామంది చూసే ఉంటారు. స్టాన్‌ఫోర్డ్‌లో వాల్టర్ మిషెల్ చిన్నపిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండోది ఇస్తానన్నాడు, ఆగిన పిల్లలు పెద్దయ్యాక బాగా చదివారు అని. దాన్ని ఇంట్లో లడ్డూతో చేసి, ఆగలేని పిల్లాడిని చూసి దిగులుపడే తల్లిదండ్రులు కూడా నాకు తెలుసు. దయచేసి పడకండి. 2018లో 900 మందికి పైగా పిల్లల వివరాలతో దీన్ని మళ్ళీ చూస్తే, మొదట చెప్పినంత సంబంధం కనిపించలేదు, ఇంటి పరిస్థితులు కూడా లెక్కలోకి తీసుకుంటే ఉన్నది కూడా చాలావరకు పోయింది. 2013లో రోచెస్టర్ యూనివర్సిటీవాళ్ళు చేసింది నాకు ఇంకా విలువైనదిగా అనిపిస్తుంది. వాళ్ళు ముందుగా కొందరు పిల్లలకి మంచి రంగులూ స్టిక్కర్లూ తెస్తానని చెప్పి నిజంగా తెచ్చారు, ఇంకొందరికి చెప్పి తేలేదు. తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి కోసం మూడు నిమిషాలు. ‘అన్నం తింటే సాయంత్రం బీసెంట్ రోడ్డుకి తీసుకెళ్తా’ అని రోజూ చెప్పి ఎప్పుడూ తీసుకెళ్ళని ఇంట్లో పిల్లాడు ఆగడం ఎందుకు నేర్చుకోవాలి చెప్పండి. ఆగకపోవడమే అక్కడ తెలివైన పని.

ఆగడం నేర్పే పనిని ఆటలు చేస్తాయి. స్టాచ్యూ అనగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి, ఒళ్ళు కదలాలని ఉన్నా కదలకూడదు. నేల–బండ ఆటలో నేల అడిగితే బండ మీదుండాలి, దొంగ కళ్ళు కనిపెట్టాలి, నియమం మారితే అప్పటికప్పుడు మారాలి. ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కి ఇంతకంటే మంచి సాధన నేను ఏ వర్క్‌బుక్‌లోనూ చూడలేదు. ఆటలో గొడవ పడతారు, కచ్చి కొడతారు, మళ్ళీ పండు కొడతారు, ఆ మొత్తం చదువే. కానీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఆడితే వాచ్‌మన్ కేకలేస్తాడు, స్కూల్లో ఆటల పీరియడ్ తీసి రాత పీరియడ్ చేస్తారు.

రాత అంటే గుర్తొచ్చింది. 2020 జాతీయ విద్యావిధానంలో, పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని రాశారు. మూడు నుంచి ఆరేళ్ళ దాకా ఆటపాటలతోనే నేర్పాలని కూడా అందులోనే ఉంది. మన దగ్గర మొదటి సగం బ్యానర్ల మీదకి ఎక్కింది, రెండో సగం ఎక్కలేదు. 85 శాతం అయిపోతుందట, కాబట్టి తొందరగా రాయించండి అని మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు. వేళ్ళ ఎముకలూ కండరాలూ ఇంకా గట్టిపడని పిల్లల చేత నాలుగు గీతల పుస్తకంలో పేజీలకి పేజీలు రాయించి, రాయలేదని కొట్టి, చదువంటే భయం అనే పాఠం ముందు నేర్పుతున్నాం. నేను దీని మీద మా యాజమాన్యంతో ప్రతి ఏడూ మాట్లాడతాను, మాట్లాడుతూనే ఉంటాను.

కొట్టడం గురించి కూడా సూటిగానే చెబుతా. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో కొట్టడం నిషేధం, మానసికంగా వేధించడమూ అంతే. ఇంట్లో కొట్టడం మాత్రం మన దగ్గర ప్రేమలో భాగంగా చలామణి అవుతోంది. 2021లో హార్వర్డ్ పరిశోధకులు ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లలకీ తినని పిల్లలకీ స్కానింగ్ చేస్తూ భయపడిన ముఖాల ఫొటోలు చూపించారు. దెబ్బలు తిన్న పిల్లల మెదడు ఆ ముఖాలకి ఎక్కువగా స్పందించింది. ఇవి ఆసుపత్రిపాలయ్యేలా కొట్టిన దెబ్బలు కూడా కావు, ‘మామూలు’ దెబ్బలు. ఎక్కడ ప్రమాదం ఉందా అని ఎప్పుడూ కాచుకుని ఉండే మెదడుకి పాఠం మీద పెట్టడానికి ఏం మిగులుతుంది?

చిన్నపిల్లల దగ్గర ఆపేస్తే సగం చెప్పినట్టే, ఎందుకంటే మన విజయవాడ, గుంటూరు రెండూ ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో టీనేజీ పిల్లల్ని తెచ్చి హాస్టళ్ళలో పెట్టుకునే చోట్లు. జే గిడ్ అనే శాస్త్రవేత్త బృందం ఒకే పిల్లల మెదళ్ళని ఏళ్ళ తరబడి ఎంఆర్‌ఐ తీసి 1999లో చూపించిన దాని ప్రకారం, నుదుటి వెనక భాగంలో గ్రే మ్యాటర్, అంటే కణాలూ వాటి కనెక్షన్లూ ఉండే పొర, ఆడపిల్లలకి పదకొండు, మగపిల్లలకి పన్నెండేళ్ళ దగ్గర అత్యధికానికి చేరి, అక్కడి నుంచి పలచబడటం మొదలవుతుంది. అంటే వాడనివి పోవడం, వాడినవి బలపడటం రెండోసారి జరుగుతుందన్నమాట. సరిగ్గా మనం ఆరో తరగతి ఫౌండేషన్ కోర్సు పేరుతో పెట్టె సర్ది పంపించే వయసు అది.

ఈ వయసులో మెదడుకి స్నేహితులు అన్నిటికంటే ఎక్కువ. తల్లిదండ్రుల మీద ప్రేమ పోయి కాదు, మెదడు అలా తయారవుతోంది, రేపు తనవాళ్ళని తను వెతుక్కోవాలి కనుక. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనేవాళ్ళు కారు నడిపే కంప్యూటర్ గేము ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు టీనేజీ పిల్లలు పెద్దవాళ్ళలాగే ఆడారు, స్నేహితులు చూస్తుంటే మాత్రం వాళ్ళు తీసుకున్న రిస్కు బాగా పెరిగింది. పెద్దవాళ్ళకి ఎవరు చూసినా పెద్ద తేడా రాలేదు. దీన్ని మనం చెడు సావాసం అనే కోణంలోంచి మాత్రమే చదువుతాం. పక్కవాడు ఏమనుకుంటాడు అనే దానికి అంత బరువు ఉన్న వయసులో, ర్యాంకులు గోడ మీద అంటిస్తే ఆ పిల్లకి ఏమవుతుందో మాత్రం ఆలోచించం.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా అక్క కూతురు విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదువుతోంది, పేరు రాయను. అక్కడ వీకెండ్ టెస్టుల మార్కులని బట్టి సెక్షన్లు మారుస్తారు. మార్కులు తగ్గితే సెక్షన్ మారుతుంది, సెక్షన్‌తో పాటు క్లాసూ, ఒక్కోసారి రూమూ, రూమ్మేటూ మారతారు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు దానికి బాధ మార్కుల గురించి కాదు. ‘పిన్నీ, నేను ఎవరితోనైనా ఫ్రెండ్‌షిప్ చేస్తే మళ్ళీ మార్చేస్తారు, అందుకే ఎవరితోనూ మాట్లాడటం మానేశాను’ అంది. పదహారేళ్ళ పిల్ల. నేను ఇక్కడ రాసిన పరిశోధనలన్నీ పక్కన పెట్టినా ఆ ఒక్క మాట చాలు నాకు. ఏ వయసులో మనుషులతో కలవడం నేర్చుకోవాలో ఆ వయసులో కలవకపోవడం నేర్పుతున్నాం, దానికి ఏడాదికి లక్షలు కడుతున్నాం.

నిద్ర సంగతి ఇంకొకటి. ఈడొచ్చాక నిద్రపుట్టించే మెలటోనిన్ విడుదల రాత్రిపూట వెనక్కి జరుగుతుంది, రెండు గంటల దాకా కూడా. పిల్లలు పదకొండు దాకా నిద్రపట్టక దొర్లేది బద్ధకంతో కాదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ మధ్య ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, పొద్దున ఐదింటికి బెల్లు కొట్టే చోట ఆ నిద్ర ఎక్కడి నుంచి వస్తుంది? నిద్ర చాలని మెదడులో కోపతాపాలు అదుపు తప్పుతాయని పెద్దవాళ్ళమైన మనకే అనుభవం, ఇంకా పూర్తిగా తయారుకాని మెదడు సంగతి చెప్పక్కర్లేదు.

ఇదంతా చదివి, మా పిల్లలకి ఆ వయసులు దాటిపోయాయి, ఇక లాభం లేదా అని కొందరు దిగులుపడతారు. రొమేనియాలో బుకారెస్ట్ అనాథాశ్రమాల్లో 136 మంది పసిపిల్లల మీద 2000 తర్వాత మొదలైన పరిశోధన ఉంది. సగం మందిని కుటుంబాల్లోకి పెంపకానికి పంపారు. రెండేళ్ళలోపు ఇంటికి వెళ్ళిన పిల్లలు అనుబంధాల్లోనూ మెదడు పనితీరులోనూ బాగా కోలుకున్నారు. తర్వాత వెళ్ళినవాళ్ళకి కొన్నిటిలో కష్టమైంది, అయినా ఆశ్రమంలోనే ఉండిపోయినవాళ్ళకంటే చాలా విషయాల్లో మెరుగ్గానే ఉన్నారు. ముందు చేస్తే ఎక్కువ పని జరుగుతుంది, అది నిజం. టీనేజీలో మెదడు మళ్ళీ తెరుచుకుంటుంది కాబట్టి అప్పుడు చేసేది కూడా గట్టిగానే పడుతుంది, అదీ నిజమే.

మా అక్కాబావగార్లు కాలేజీకి వెళ్ళి మాట్లాడారు. సెక్షన్ల పద్ధతి మార్చలేమన్నారు, ఆదివారం ఒక్కసారే ఉన్న ఫోన్‌ని బుధవారం సాయంత్రం కూడా ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అక్కకి నేను చెప్పింది, ఆ ఫోన్‌లో మార్కులు అడగొద్దు అని. ఏం తిన్నావు, ఎవరితో తిన్నావు, ఇవాళ ఎవరి మీద కోపం వచ్చింది, ఇవి అడుగు. మొదట్లో అన్నిటికీ ‘ఏం లేదు’ అనేది, ఇప్పుడు కొంచెం కొంచెం చెబుతోందట.

హాస్టల్లో పిల్లలున్న అందరికీ ఒకటి చెబుతున్నా. పిల్లలు మనసు బాలేదు అని ఫోన్‌లో చెప్పరు, కడుపునొప్పి అంటారు, తలనొప్పి అంటారు, అన్నం సహించట్లేదు అంటారు. అవి దొంగ నొప్పులు కావు, టెన్షన్ నిజంగానే కడుపులో నొప్పిగా వస్తుంది. వారంలో రెండోసారి అదే మాట వింటే మాత్రల పేరు చెప్పి పెట్టేయకుండా మర్నాడే బస్సెక్కి వెళ్ళండి, క్యారేజీ తీసుకెళ్ళండి, గంటసేపు పక్కన కూర్చోండి. పరిస్థితి మీ చేతుల్లో లేదనిపిస్తే మనసు బాలేనప్పుడు ఫోన్‌లో సాయం చేసే టెలీమానస్ వాళ్ళ నంబరు 14416, ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు పిల్లల పుస్తకం అట్ట మీద కూడా రాసివ్వండి.